రోము సారు ఇంట్లో

కొత్తవాడ, వరంగల్
11 జులై 1976

ప్రియమైన వదినకు,

మీ మరదలు సారమ్మ ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ మీ తమ్ముడు, నేను, పాప బాగానే ఉన్నాం. పాపకు దగ్గు తగ్గింది. మీ హాస్టలు చెట్టు కాయలతో పెట్టిన మామిడి తొక్కు అందింది. ఇంటి ఓనరు భద్రమ్మ గిన్నె పట్టుకొని వచ్చి సగం తీసుకుపోయింది. "మీ ఆడబిడ్డ చెయ్యి మస్తు కారం ఉన్నదమ్మా" అన్నది. మెచ్చుకున్నదో తిట్టిందో తెలియలేదు.

మీ తమ్ముడి మీద చాడీలు చెప్పాలని కాదు గానీ, మీకు రాయకపోతే ఎవరికి రాయను? బడిలో ఆయన చెప్పే హిస్టరీలో రోము ఒక్క పాఠమేనట. ఇంట్లో మాకు ఏడాది పొడుగునా అదే పాఠం. మొన్న ఒకటో తారీఖున క్యాలెండరు కాగితం తిప్పుతూ "ఈ నెల సీజరుది సారా, వచ్చే నెల ఆయన పెంపుడు కొడుకుది" అన్నారు. జులై, ఆగస్టు పేర్లు వాళ్లవేనట, ఏటా ఇదే మాట. నల్లా రాకపోతే, రోము వాళ్లు కొండల మీది నుంచి రాతి కాలువల్లో ఊరికి నీళ్లు తెచ్చిన సంగతి చెప్తారు. బిందె మాత్రం నేనే మోయాలి. ఖిల్లాకు పోతే అక్కడి తోరణాల కింద నిలబడి కాకతీయుల మాట ఒకటి, రోము తోరణాల మాట పది. ఆదివారం చర్చిలో విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు రోము అధికారి 'పొంతి పిలాతు' అన్న దగ్గర ఆయన గొంతు కొంచెం లేస్తుంది, చుట్టం పేరు వచ్చినట్టు. బడి పిల్లలు ఆయన్ను రోము సారు అంటారు. నేను దవాఖానలో సూది మందు ఇస్తుంటే కూడా "రోము సారు ఇంటామె" అని వెనక నుంచి వినపడుతుంది.

పాపకు మా అమ్మ పేరు మార్తమ్మ అని పెడదామన్నాను. ఆయన కొర్నేలియా అన్నారు. బైబిల్లో కొర్నేలి ఉన్నాడు కదా అని చర్చి అయ్యగారు కూడా సరే అన్నారు. అది బైబిలు పేరు కాదని, రోములో ఎవరో గొప్పింటి ఆమె పేరని బాప్తిస్మం అయ్యాక తెలిసింది. మొన్న నేను కమ్మలు అడిగితే ఆమె కథే చెప్పారు. నీ నగలేవి అని ఎవరో అడిగితే కొడుకుల్ని పిలిచి, ఇవే నా నగలు అన్నదట. ఆమెకు ఇంట్లో నగలు ఉండే ఉంటాయి వదినా. లేనిదాన్ని ఎవరూ అట్లా అడగరు.

ఇదంతా పాతదే. కొత్త సంగతి ఇది. స్నానం చేసేటప్పుడు ఆయన తనలో తాను మాట్లాడుకుంటారు. మొన్న "లివియా, ఎంత పని చేసినవ్ లివియా" అనడం విన్నాను. తువ్వాల పట్టుకొని తలుపు బయటే నిలబడ్డాను. ఎవరని అడిగితే "ఏం లేదు, పాత సంగతి" అన్నారు.

మీ డోర్నకల్‌లో లివియా అనే మనిషి ఎవరైనా ఉన్నదా? ఉంటే దాచకుండా రాయండి.

మీ మరదలు,
సారమ్మ


డోర్నకల్
20 జులై 1976

సారమ్మకు,

వదిన దీవెనలు. హాస్టల్లో ఇద్దరు పిల్లలకు అమ్మవారు పోసింది. వేపాకు పరిచి వేరే గదిలో పడుకోబెట్టాను. వార్డెన్ పని అంటే అందరి తల్లుల పనీ ఒక్కతే చెయ్యడం.

తొక్కు కారంగా ఉందని భద్రమ్మ అన్నదన్నావు. తమ్ముడు కృపానందం ఆ కారమే తిని పెరిగాడు. నువ్వు తగ్గించి పెడుతున్నావేమో చూసుకో. అమ్మ చనిపోయేనాటికి వాడు నా చంకలో ఉన్నాడు. వాడి మనసు కొత్తవాళ్లకు అందదు. నువ్వు వచ్చి ఎన్నేళ్లయినా నాకు కొత్తదానివే, ఏమీ అనుకోకు.

అది లివియా కాదు, లిడియా అయి ఉంటుంది. ఇక్కడ బోర్డింగులో చదివిన పిల్ల. ఇప్పుడు గార్ల ఊరి బడిలో టీచరు. తమ్ముడికి మొదట అనుకున్న సంబంధం అదే. పిల్ల పొట్టిగా ఉందని నేనే వద్దన్నాను. ఆమెకు ఇద్దరు కొడుకులు. పాత సంగతి అని వాడు అన్నాడంటే అదే. నువ్వు మనసులో పెట్టుకోకు.

వాణ్ని నాకొక కార్డు ముక్క రాయమను. నీ జాబుల్లోనే వాడి క్షేమం వెతుక్కుంటున్నాను.

రత్నమ్మ


కొత్తవాడ, వరంగల్
29 ఆగస్టు 1976

ప్రియమైన వదినకు,

వందనాలు. మీ జాబు వచ్చాక కొన్నాళ్లు మీ తమ్ముడికి అన్నం పెట్టాను గానీ మాట పెట్టలేదు. చివరికి ఉండబట్టలేక "గార్లకు పోవాలనిపిస్తాందా?" అని అడిగాను. ఆయన చెంబు కింద పెట్టి "గార్లల మనకేమున్నది?" అన్నారు. లివియా పేరు తీసేసరికి కొర్నేలియా ఫక్కున నవ్వింది. "అమ్మా, లివియా అంటే అగస్టసు చక్రవర్తి భార్య. చచ్చిపోయి రెండువేల ఏండ్లయింది" అన్నది. ఏడేళ్ల పిల్లకు తెలిసింది నాకు తెలియలేదు. మొగుడికి అంజూర పండ్లలో విషం పెట్టిందని కొందరంటారట ఆమెను. ఆ మాట విన్నాక ఆమె మీద నాకు కోపం పోయింది.

లివియా సంగతి తేలింది. లిడియా సంగతి మాత్రం ఇంతకు ముందు నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది.

కానీ వదినా, చచ్చిపోయిన వాళ్లతో నాకు పేచీ లేదు. ఈ ఏడు బడికి జయశీల అని ఇంగ్లీషు టీచరు వచ్చింది. గుంటూరు పిల్ల. తండ్రి రిటైరైన అయ్యగారు, ఇద్దరూ హనుమకొండలో ఉంటారు. మొన్న బడి పిల్లల్ని ఖిల్లాకు తీసుకుపోతూ, ఎవరైనా పడితే కట్టు కట్టడానికి నన్నూ రమ్మన్నారు. పోయాను. తోరణం కింద మీ తమ్ముడు ఎప్పటి మాటే మొదలుపెట్టారు. ఆయన సగం చెప్పి ఆగితే మిగిలిన సగం జయశీల చెప్పింది. ఆమె ఒక పేరు తీస్తే ఆయన ఇంకో పేరు తీశారు. ఒక దగ్గర "కాదండీ సారు, అది తర్వాతి సంగతి" అని ఆమె సరిదిద్దింది కూడా. మీ తమ్ముడి మొహం చూడాలి. పరీక్షలో ఫస్టు వచ్చినట్టు ఉన్నది.

పెళ్లయినప్పటి నుంచి నేనాయన కథలకు 'ఊఁ' కొడుతూనే ఉన్నాను. ఊఁ కొట్టడానికీ జవాబు చెప్పడానికీ ఎంత తేడా ఉన్నదో ఆ రోజు చూశాను. ఒక పిల్లవాడి మోకాలికి కట్టు కడుతూ చూశాను. కట్టు గట్టిగా పడి వాడు ఏడ్చాడు.

ఇప్పుడు ఆదివారం చర్చి అయ్యాక హనుమకొండ పోతున్నారు. "పెద్దాయన దగ్గర మంచి పుస్తకాలున్నయి" అంటారు. నేనేం చెయ్యాలి?

మీ సారమ్మ


డోర్నకల్
8 సెప్టెంబరు 1976

సారమ్మకు దీవెనలు.

పుస్తకాలుంటే తెచ్చుకొని ఇంట్లో చదువుకోవచ్చు. ఆ మాట వాడితో అన్నావా? అనవు. నీకు నోరు అక్కర ఉన్న చోట లేవదు.

నేను వాణ్ని తప్పు పట్టను. ఆ పిల్లను కూడా చూడనిదే ఏమీ అనను. అయినా ఇంటి మనిషిని వదిలి బయట కూర్చొని మాట్లాడాలని వాడికి ఎందుకు అనిపిస్తున్నదో నువ్వే ఆలోచించు. దసరాకు రమ్మంటే పని ఉందన్నాడు. సొంత అక్కకు లేని తీరిక హనుమకొండకు ఉన్నది. ఆ టీచరుకు చెప్పే మాటల్లో పదోవంతు నాకు రాస్తే నేను వెయ్యేళ్లు బతుకుతాను.

నీ స్థానంలో నేనుంటే ఒకసారి పోయి కళ్లతో చూసి వస్తాను. చూడనిది మనసులో పెరుగుతుంది.

కొర్నేలియాకు గౌను గుడ్డ పంపుతున్నాను.

రత్నమ్మ


కొత్తవాడ, వరంగల్
17 అక్టోబరు 1976

వదినకు,

మీరు చెప్పినట్టే పోయాను. అందుకే రాస్తున్నాను.

రిక్షా దిగి వాకిట్లో అడుగు పెట్టేసరికి నవ్వు వినపడింది. మీ తమ్ముడి నవ్వే. కానీ నాకు తెలిసిన నవ్వు కాదు. మా ఇంట్లో ఆయన నవ్వితే మూతి కదులుతుంది. అక్కడ కడుపులోంచి నవ్వుతున్నారు. లోపల తప్పు ఏమీ లేదు వదినా, అదే నా బాధ. ముసలి అయ్యగారు పడక కుర్చీలో ఉన్నారు. జయశీల నేల మీద కూర్చొని చింతపండు గింజ తీస్తున్నది. మీ తమ్ముడు దూరంగా బల్ల మీద. తప్పు ఉంటే తిట్టి వచ్చేదాన్ని. తప్పు లేని చోట ఎవరిని తిట్టను?

అయినా తిట్టాను. ఆమె లేచి "రండి అక్కా, కూర్చోండి, టీ పెడతాను" అన్నది.

"నేను నీకు అక్కను గాను" అన్నాను. "మా ఇంట్ల లేని రోము మీ ఇంట్ల ఏమున్నది టీచరమ్మా? మా ఆయన ఇంట్ల గిట్ల నవ్వి ఎన్ని ఏండ్లయిందో నీకు తెలుసా?"

ఆమె చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది. అయ్యగారికి చెవులు సరిగా వినపడవు. "ఎవరమ్మా వచ్చింది?" అని అడుగుతున్నారు. మీ తమ్ముడు చెప్పులేసుకొని బయటికి నడిచారు. నేను వెనక రిక్షాలో, ఆయన ముందు నడిచి. ములుగు రోడ్డు దాకా రిక్షా ఎక్కలేదు. ఇంటికి వచ్చాక ఒకటే మాట అన్నారు. "నన్నంటే అయిపోవు. ఆ పిల్లనెందుకన్నవ్?"

నన్ను పక్కన పెట్టి ఆ పిల్లను వెనకేసుకొచ్చారు. ఆ కోపంలో మరునాడు చర్చి స్త్రీల కూడికలో అందరి ముందు ఆమె పేరు తీసి నోరు జారాను. నేను చెప్పింది గింజంత. ఆదివారానికి అది చెట్టంత అయింది.

ఇప్పుడు ఆయన హనుమకొండ పోవడం లేదు. ఇంట్లో రోము మాట తీయడం లేదు. ఈ నెల క్యాలెండరు నేనే తిప్పాను. కోరుకున్నది ఇదే కదా, అయినా ఇల్లు బావురుమంటున్నది.

సారమ్మ


డోర్నకల్
24 జులై 1977

సారమ్మకు,

దీవెనలు. చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. ఒక సంగతి ఎట్లా రాయాలో తెలియక ఇన్నాళ్లూ ఆగాను.

జయశీల బదిలీ అడిగి మా బడికే వచ్చింది. తండ్రి ఎండాకాలంలో చనిపోయారట. ఒంటరి మనిషి కాబట్టి మా హాస్టల్లోనే గది ఇచ్చారు. ఆమె వస్తున్నదని తెలిసిన రోజు నాలుగు మాటలు కడిగి పారేద్దామని గేటు దగ్గరే నిలబడ్డాను. నా మరదల్ని ఏడిపించిన మనిషి కదా అని. ట్రంకు పెట్టె మోసుకుంటూ వచ్చింది. సన్నగా ఉన్నది. నన్ను చూసి "మీరు కృపానందం సారు అక్కగారా? మీ ముక్కు చూసి చెప్పానండీ" అన్నది. ఇక నేను పెట్టె రెండో పక్క పట్టుకున్నాను.

నీ దగ్గర దాచడమెందుకు. సాయంత్రం పిల్లలు ప్రార్థన చేసుకొని చదువుకు కూర్చున్నాక మేమిద్దరం వరండాలో కూర్చుంటున్నాం. ఆమె చెప్తుంది, నేను బియ్యంలో రాళ్లు ఏరుతూ వింటాను. కార్తేజి అని ఒక పట్నం ఉండేదట. దాన్ని రోము వాళ్లు తగలబెట్టారట. తగలబెట్టిన సేనాపతే నిలబడి ఏడ్చాడట, మా రోముకు కూడా ఒకరోజు ఇదే గతి అని. ఆ మాట విని రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. నేను చదివింది ఐదో తరగతి. చదివించి ఉంటే ఎంత దూరం పోయేదాన్నో అని మొదటిసారి అనిపించింది.

ఆమె మంచిది సారమ్మా. నిన్ను ఒక్క మాట అనలేదు. నువ్వు కూడా మనసు కడుక్కో.

రత్నమ్మ


కొత్తవాడ, వరంగల్
3 ఆగస్టు 1977

వార్డెన్ రత్నమ్మ గారికి,

వందనాలు. మీ జాబు అందింది.

పోయి కళ్లతో చూసి రమ్మని నన్ను పంపింది మీరే. ఇప్పుడు మనసు కడుక్కోమని చెప్పేది కూడా మీరే. నా మనసు దవాఖాన బేసిను కాదు.

ఈ ఊళ్లో నాకు అమ్మ లేదు, అక్క లేదు. ఉన్నదంతా మీకే రాశాను. ఆయన నవ్వు సంగతి కూడా మీకే రాశాను. ఇప్పుడు అవన్నీ మీ వరండాలో బియ్యం చాట పక్కన పరిచి ఉంటాయి. ఆమె మొదట నా ఇంటాయన చెవి తీసుకున్నది. ఇప్పుడు మీ చెవి తీసుకున్నది. ఇక నేను ఎవరి చెవిలో చెప్పుకోవాలి?

మీరు ఆమె దగ్గర కథలు వినండి. మీ తమ్ముడి క్షేమం ఆయన్నే అడగండి.

కొర్నేలియా తల్లి,
సారమ్మ


డోర్నకల్
డిసెంబరు 1979

సారమ్మకు, కృపానందానికి, కొర్నేలియాకు క్రిస్మస్ దీవెనలు. పోయిన ఏడాది కార్డు, ఆ ముందటి కార్డు అందాయో లేదో తెలియలేదు. పాప కొలతలు రాస్తే గౌను కుట్టించి పంపుతాను.

రత్నమ్మ


కొత్తవాడ, వరంగల్
12 ఫిబ్రవరి 1984

వదినకు,

వందనాలు. ఎన్ని ఏళ్ల తర్వాత ఈ మాటతో జాబు మొదలుపెడుతున్నానో. డిసెంబరులో నా టెలిగ్రాము అందుకొని మీరు వచ్చి దవాఖానలో ఆయన మంచం పక్కన కూర్చున్నప్పుడు కూడా మనం సరిగా మాట్లాడుకోలేదు. మీరు ఆయన ఎడమ చెయ్యి పట్టుకున్నారు, నేను కుడి చెయ్యి పట్టుకున్నాను. పక్షవాతం వచ్చిన చెయ్యి నా వంతుకు వచ్చిందని అప్పుడు కూడా లోపల కుళ్లుకున్నాను. మీరు సెలవు అయిపోయి పోయేటప్పుడు "జర పైలం సారమ్మా" అన్నారు. బస్సు కదిలాక ఏడ్చాను.

మీరు పోయాక కాలు కొంచెం నయం. గోడ పట్టుకొని వాకిలి దాకా వస్తున్నారు. కుడి చెయ్యి వేళ్లు మూసుకుంటున్నాయి, తెరుచుకోవడం లేదు. మాట మాత్రం రాలేదు. మనం చెప్పేది అర్థమవుతుంది. లోపల మాట ఉన్నది, బయటికి దారి లేదు. నేను ఇట్లాంటి వాళ్లకు ఎంతోమందికి చేశాను. మొదట్లో రాకపోతే తర్వాత కష్టమని నాకు తెలుసు. తెలియకపోతే బాగుండేది.

బడి పిల్లలు వస్తారు, దండం పెట్టి పోతారు. రోము సారు మాట్లాడకపోతే వాళ్లకు ఏం చెయ్యాలో తెలియదు. హనుమకొండ పోయి వచ్చిన తర్వాత ఆయన నాతో రోము సంగతులు ఎక్కువ మాట్లాడలేదు. కొర్నేలియాతో మాత్రం వెనక గదిలో గుసగుసగా చెప్పేవారు. నేను లోపలికి పోతే ఆపేసేవారు. ఆ గుసగుస కూడా ఇప్పుడు లేదు. చుట్టూ నేతవాళ్ల మగ్గాల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. మొన్న నల్లా రాలేదు. ఆయన మొహం చూశాను, రాతి కాలువల మాట చెప్తారేమో అని. కళ్లు మూసుకున్నారు.

వదినా, అడగలేక అడుగుతున్నాను. ఆ టీచరమ్మ ఇంకా మీ దగ్గరే ఉన్నదా? ఒక ఆదివారం వచ్చి ఆయన ముందు కూర్చొని మాట్లాడుతుందా? నేను అడిగినట్టు చెప్పండి. మీరు అడిగినట్టు చెప్పకండి. నాకు ఇష్టమై అడగడం లేదు. ఆమె మాటకు ఆయన నోరు తెరుచుకుంటే నా కడుపు మండుతుంది. అయినా తెరుచుకోనీ.

సారమ్మ


డోర్నకల్
22 ఫిబ్రవరి 1984

నా సారమ్మకు,

దీవెనలు. నీ జాబు ఆఫీసు గదిలో చదవడం మొదలుపెట్టి, వంటింట్లోకి పోయి తలుపేసుకొని పూర్తి చేశాను.

జయశీలకు చెప్పాను, నువ్వు అడిగినట్టే చెప్పాను. చేతిలో పుస్తకం మూసి పెట్టింది. తర్వాత "ఆమె ఉంటేనే వస్తానండీ" అన్నది. మార్చి నాలుగో తారీఖు ఆదివారం ఉదయం బండికి వస్తుంది. పరీక్షలు దగ్గర పడ్డాయి, పిల్లల్ని వదిలి నేను రాలేను. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. నువ్వూ అడగకు.

నీకొక మాట చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు, కృపానందానికి కూడా గుర్తు చెయ్యలేదు. వాడికి రోము ఎక్కడ పట్టుకున్నదో నాకు తెలుసు. అమ్మ పోయిన ఏడు నేను దొరసాని బంగళాలో అంట్లు తోమేదాన్ని. ఆమె మేజా మీద ఒక ఇత్తడి బొమ్మ ఉండేది. తోడేలు, దాని కింద ఇద్దరు మగపిల్లలు పాలు తాగుతూ. ఇదేందమ్మా అని అడిగితే వచ్చీరాని తెలుగులో చెప్పింది. తల్లి లేని ఇద్దరు పిల్లల్ని ఏట్లో వదిలేస్తే తోడేలు పాలిచ్చి బతికించిందని, వాళ్లు పెద్దయి రోము పట్నం కట్టారని. మా వాడు అప్పుడు అమ్మ కోసం రోజూ ఏడ్చేవాడు. ఇంటికి వచ్చి వాడికి అదే కథ చెప్పాను. "అమ్మ లేకున్నా పట్నం కడతరు తమ్మీ" అన్నాను. ఏడుపు మానాడు. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ మళ్లీ చెప్పాను.

తర్వాత వాడు చదువుకున్నాడు, నేను అంట్లు తోమాను. పెద్ద పుస్తకాల రోము వాడిది అయింది. ఎవరు అడిగినా, కాలేజీలో ఫలానా సారు వల్ల నాకు ఇష్టం కలిగింది అంటాడు. ఒక్కసారి కూడా మా అక్క అనలేదు. నాకు ఆ సారు మీద కుళ్లు, నీ మీద కుళ్లు, మొదట్లో జయశీల మీద కూడా కుళ్లే. నిన్ను హనుమకొండ పంపింది ఆ కుళ్లే సారమ్మా.

రత్నమ్మ


కొత్తవాడ, వరంగల్
11 మార్చి 1984

ప్రియమైన వదినకు,

వందనాలు. నిదానంగా చదవండి. మధ్యలో వంటింట్లోకి పోకండి.

జయశీల వచ్చింది. వాకిట్లో ఆగి "లోపలికి రావచ్చా అండీ?" అన్నది. అక్కా అనలేదు. నేను "రా" అన్నాను. జుట్టు నెరిసింది. కాళ్లకు నీళ్లిచ్చాను. ఆయన ఆమెను చూసి గుర్తుపట్టారు, కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కుర్చీ వేసి, కోడికూర పొయ్యి మీద ఉందని వంటింట్లోకి వచ్చేశాను. గోడకు చెవి ఆనించలేదు. ఆనించాల్సిన అవసరం లేదు, ఇల్లంతా రెండే గదులు.

ఎంత బాగా చెప్పింది వదినా. హన్నిబాలు అనే ఆయన ఏనుగుల్ని మంచు కొండలు దాటించిన కథ. నేను గరిటె పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. ఏనుగు కాలు జారిన దగ్గర నా గుండె జారింది. నాకు ఇన్నేళ్లు ఎవరూ ఇట్లా ఎందుకు చెప్పలేదు అనుకున్నాను. చెప్పారు, రోజూ చెప్పారు. నేనే పప్పులో ఉప్పు చూసుకుంటూ ఊఁ అన్నాను.

ఆయన విన్నారు. తల ఊపారు. ఆమె ఒక్కో దగ్గర ఆగి, పాతరోజుల్లాగా ఆయన అందుకుంటారేమో అని చూసింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అన్నం తిన్నాక ఇంకోసారి ప్రయత్నం చేసింది. రాలేదు. సాయంత్రం బండికి పోయేటప్పుడు ఆమె మొహం చూడలేకపోయాను. కొత్తవాడ మగ్గం మీద నేసిన షత్రంజి ఒకటి చుట్టి చేతికిచ్చాను. వద్దన్నది. "మా వదినతోని కూసుంటవు గదా వరండల, కింద ఏసుకో" అన్నాను. తీసుకున్నది. ఇంకేదో అనాలనుకున్నాను. ఆమెకు అర్థమైందనే అనుకుంటున్నాను.

వదినా, దాచను. ఆమెకు కూడా మాట రాలేదని బాధ పడ్డాను, లోపల ఎక్కడో సంతోషపడ్డాను. రెండూ నిజమే.

మరునాడు పొద్దున జావ తాగిస్తున్నాను. నిన్నటి కథ నా తలలోనే తిరుగుతున్నది. ఆమె చెప్తే అంత బాగుంది, నాకు మాత్రం నోరు లేదా అనిపించింది. చెంచా నోట్లో పెడుతూ నేనే మొదలుపెట్టాను. "అగో, రోము రాజు హన్నిబాలు ఉన్నడు గదా, ఆయన ఏనుగులను తోలుకొని మంచు కొండలెక్కిండు" అన్నాను.

ఆయన చెంచాను ఎడమ చేత్తో తోసేశారు. జావ నా చీర మీద పడింది. నొప్పి ఏమో అనుకున్నాను. మొహం ఎర్రగా అయింది, మెడ నరాలు లేచాయి.

"కాదు" అన్నారు.

వదినా, స్పష్టంగా అన్నారు. కొర్నేలియా వాకిట్లో పుస్తకం పడేసి ఉరికొచ్చింది. అంతలోనూ నాకు దవాఖాన బుద్ధి పోలేదు. ఇప్పుడు ఆపొద్దు అనుకున్నాను. "కాకుంటే? రోమోడు గాకుంటే ఏ ఊరోడు?" అన్నాను.

ఆయన పళ్లు కొరికారు, మంచం పట్టె కొట్టారు. "కా... కార్తే... కార్తె" అన్నారు.

చప్పుడుకు భద్రమ్మ వచ్చి గుమ్మంలో నిలబడ్డది. "ఏం కార్తె సారూ? మృగశిర ఇంక మస్తు దూరమున్నది" అన్నది. మీ తమ్ముడు నవ్వారు. మూతి ఒక పక్కకే పోయింది గానీ నవ్వు కడుపులోంచి వచ్చింది. ఆ నవ్వు మా ఇంట్లో, నా ముందర వచ్చింది.

హన్నిబాలు రోముకు శత్రువట. కార్తేజి వాడట. నేను ఆయన్ను తీసుకుపోయి రోము గద్దె మీదే కూర్చోబెట్టాను. దాన్ని మీ తమ్ముడు ఓర్చుకోలేకపోయారు. జయశీల తప్పు చెప్పలేదు కాబట్టి ఆయనకు కాదనే పని పడలేదు. నాకు మాత్రం తప్పులకు కొదవ లేదు.

మొదటిసారి తెలియక చెప్పాను. ఇప్పుడు కావాలనే చెప్తున్నాను. సీజరు ముసలితనంలో మంచం మీద పోయాడని నిన్న చెప్తే "కాదు, కాదు, పొడిచి" అన్నారు. కొర్నేలియా నాకు సరైనది చెప్తుంది, నేను దాన్ని చెడగొట్టి ఆయనకు చెప్తాను. డాక్టరు గారు చూసి, ఇదే చెయ్యమన్నారు.

జయశీలకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

మీ సారమ్మ


డోర్నకల్
20 మార్చి 1984

సారమ్మకు,

దీవెనలు. వంటింట్లోకి పోలేదు. వరండాలోనే పిల్లలందరూ చూస్తుండగా ఏడ్చాను.

జయశీలకు నీ జాబు చదివి వినిపించాను. కార్తె దగ్గర నవ్వింది. తర్వాత నీ షత్రంజి అంచు సరిచేస్తూ "నేను తప్పు చెప్పలేనండీ రత్నమ్మ గారూ, నాకు చేత కాదు" అన్నది. ఆ రోజు కథ చెప్పలేదు. మరునాడు చెప్పింది.

నాకు మాత్రం మండుతున్నది సారమ్మా, దాచడమెందుకు. వాడికి మొదటి మాటలు నేర్పింది నేను. రెండోసారి నేర్పే భాగ్యం నీకు దక్కింది. అది కూడా చెయ్యి తిరిగిన పంతులమ్మలాగా కాదు, ఏమీ రాకుండా. ఇరవై ఏడో తారీఖుతో పరీక్షలు అయిపోతాయి. ఆ సాయంత్రం బండికే వస్తున్నాను. కారం తెస్తున్నాను, జావ మానిపిద్దాం.

నేను వచ్చేలోపల అన్ని కథలూ నువ్వే పాడు చెయ్యకు. నా వంతుకు ఒక్క చక్రవర్తినైనా మిగిల్చి ఉంచు.

నీ వదిన,
రత్నమ్మ